వీడియో ఫైలులో కాలం లెక్క: టైమ్‌స్టాంపుల సూక్ష్మతను నిర్ణయించే విధానం

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం. సిర్గిట్టి ఈ రైల్వే పట్టణంలోని పారిశ్రామిక ప్రాంతం. రైల్వే ఉద్యోగాల నిమిత్తం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు బిలాస్‌పూర్‌లో ఉన్నాయి. ఇటువంటి పట్టణంలో వీడియో రికార్డులు మూడు రకాలుగా పోగవుతాయి. ఇళ్లలో దాచుకున్న పాత పెళ్లి క్యాసెట్లు మొదటి రకం. ఉగాది సభలను, సంగీత కచేరీలను ఫోన్లలో తీసినవి రెండవ రకం. స్టేషన్లలో, కర్మాగారాల గేట్ల వద్ద నిఘా కెమెరాలు నమోదు చేసేవి మూడవ రకం. ఈ మూడింటినీ నేడు కంప్యూటర్ ఫైళ్లుగానే భద్రపరుస్తున్నారు. ఫైలును రాసే సమయంలో కాలాన్ని ఎంత సూక్ష్మంగా లెక్కించాలన్నది సాంకేతిక నిపుణులకు మాత్రమే సంబంధించిన విషయంగా కనిపిస్తుంది. కానీ ఒకసారి స్థూలంగా రాసిన కాలాన్ని తరువాత ఎంత సూక్ష్మమైన లెక్కలోకి మార్చినా పోయిన వివరం దానంతట అది తిరిగి రాదు. అందువల్ల నిర్ణయం రాసేటప్పుడే జరగాలి.

కంటైనర్ చేసే పని

వీడియో ఫైలులో బొమ్మలు, ధ్వని వేర్వేరుగా కుదించి ఉంటాయి. హెచ్.264 వంటి పద్ధతులు బొమ్మలను, ఏఏసీ వంటి పద్ధతులు ధ్వనిని కుదిస్తాయి. ఈ రెండింటినీ ఒకే ఫైలులో క్రమంగా అమర్చి, ఏ ముక్క ఎప్పుడు కనిపించాలో, ఏది ఎప్పుడు వినిపించాలో సూచించే చట్రాన్ని కంటైనర్ అంటారు. ఎంపీ4, ఎంకేవీగా వ్యవహరించే మట్రోస్కా, వెబ్‌ఎం, టెలివిజన్ ప్రసారాల్లో వాడే ట్రాన్స్‌పోర్ట్ స్ట్రీమ్ మనకు తరచుగా ఎదురయ్యే కంటైనర్లు.

ప్రతి ఫ్రేముకూ, ప్రతి ధ్వని ముక్కకూ కంటైనర్ ఒక కాలసూచికను జతచేస్తుంది. అదే టైమ్‌స్టాంప్. ఈ కాలసూచికను దశాంశ భిన్నంగా కాక పూర్ణాంకంగా రాస్తారు. ఆ పూర్ణాంకం దేనిని లెక్కిస్తోందన్నదే అసలు విషయం. అది మిల్లీసెకన్లను లెక్కించవచ్చు, సెకనులో 90,000వ వంతును లెక్కించవచ్చు, లేదా ఫైలు రాసిన సాఫ్ట్‌వేర్ ఎంచుకున్న మరేదైనా ప్రమాణాన్ని లెక్కించవచ్చు. ఈ కనిష్ఠ ప్రమాణాన్ని ఇక్కడ కాలాంశం అని పిలుచుకుందాం. కాలాంశం చిన్నదైతే సూక్ష్మత పెరుగుతుంది, పెద్దదైతే తగ్గుతుంది.

ఘడియలు, నిమిషాలు

ఒక కాలమానం నుంచి మరొక కాలమానానికి మారేటప్పుడు శేషం మిగలడం తెలుగువారికి కొత్త కాదు. పంచాంగం రోజును 60 ఘడియలుగా, ఘడియను 60 విఘడియలుగా విభజిస్తుంది. ఆ లెక్కన ఘడియ అంటే 24 నిమిషాలు, విఘడియ అంటే 24 సెకన్లు. రైల్వే టైమ్‌టేబుల్ నిమిషాల్లో ఉంటుంది. ఒక నిమిషానికి రెండున్నర విఘడియలు. కాబట్టి రైలు బయలుదేరే నిమిషాన్ని విఘడియల్లో పూర్ణాంకంగా రాయాలంటే కొన్నిసార్లు అర విఘడియను వదులుకోవాలి, లేదా కలుపుకోవాలి. రెండు నిమిషాలకు మాత్రం సరిగ్గా 5 విఘడియలు. అక్కడ శేషం ఉండదు.

కాలాన్ని ఒకే ప్రమాణానికి తేవలసిన అవసరాన్ని ముందుగా గుర్తించినవి రైల్వేలే. 1906 జనవరి 1న భారత ప్రామాణిక కాలం అమలులోకి రాకముందు దేశంలో రైల్వేలు విస్తృతంగా మద్రాసు కాలాన్ని పాటించేవి. ప్రామాణిక కాలానికి ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం ఛత్తీస్‌గఢ్, ఆంధ్రప్రదేశ్‌ల మీదుగా సాగుతుంది. బిలాస్‌పూర్ ఆ రేఖకు కొద్దిగా పడమరగా ఉంది. అక్కడి స్థానిక సౌర కాలానికీ ప్రామాణిక కాలానికీ సగటున సుమారు ఒకటిన్నర నిమిషమే తేడా. రైలు ప్రయాణికుడికి ఈ తేడా లెక్కలోకి రాదు. ముహూర్తం గణించే వారికి వస్తుంది. వీడియో ఫైలులో కూడా ఎంత సూక్ష్మత అవసరమన్నది దాని వినియోగాన్ని బట్టే తేలుతుంది.

మిల్లీసెకను ఎక్కడ సరిపోతుంది, ఎక్కడ చాలదు

మట్రోస్కా ఫైళ్లలో సాధారణంగా కాలాంశం ఒక మిల్లీసెకను, అంటే సెకనులో వెయ్యవ వంతు. భారతదేశంలో వాడుకలో ఉన్న పాల్ టెలివిజన్ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు. ఒక్కో ఫ్రేము వ్యవధి సరిగ్గా 40 మిల్లీసెకన్లు. కాబట్టి పాత పాల్ క్యాసెట్‌లోని పెళ్లి వీడియోను సెకనుకు 25 ఫ్రేములుగానే డిజిటల్ రూపంలోకి మారిస్తే, మిల్లీసెకను లెక్కలో బొమ్మకు ఎటువంటి నష్టమూ లేదు. 0, 40, 80, 120 అని టైమ్‌స్టాంపులు నిక్కచ్చిగా పడతాయి.

ఫోన్ కెమెరా సాధారణంగా సెకనుకు 30 ఫ్రేములకు అటూ ఇటూగా తీస్తుంది. ఫ్రేము వ్యవధి 33.333 మిల్లీసెకన్లు. పూర్ణాంకాలకు సవరిస్తే టైమ్‌స్టాంపులు 0, 33, 67, 100 అవుతాయి. మధ్య వ్యవధులు 33, 34, 33. సినిమా పద్ధతిలోని 24 ఫ్రేములకు ఇవి 42, 41, 42. సెకనుకు 60 ఫ్రేములైతే 17, 16, 17. నిజానికి సమాన వ్యవధిలో తీసిన ఫ్రేములు ఫైలులో అసమానంగా నమోదవుతాయి. దీనిని చూసి కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు వీడియోకు స్థిరమైన ఫ్రేము వేగం లేదని భావిస్తాయి.

ధ్వనిలోనూ ఇదే పరిస్థితి. సెకనుకు 48,000 నమూనాలు తీసుకునే ఏఏసీ ధ్వనిలో ఒక ముక్కకు 1,024 నమూనాలు ఉంటే, దాని వ్యవధి 21.333 మిల్లీసెకన్లు. మిల్లీసెకను లెక్కలో అది 21, 22, 21 అని పడుతుంది.

ఒక్కో టైమ్‌స్టాంపులో తేడా అర మిల్లీసెకనుకు మించదు. చూసేవారికి అది తెలియదు. ధ్వని బొమ్మకంటే సుమారు 45 మిల్లీసెకన్లు ముందుగా గానీ, 125 మిల్లీసెకన్లు ఆలస్యంగా గానీ వస్తేనే ప్రేక్షకులు గుర్తించగలరని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం తన బీటీ.1359 సిఫార్సులో పేర్కొంది. పెదవుల కదలికకూ మాటకూ పొంతన కుదరకపోవడానికి అర మిల్లీసెకను కారణం కాదు. నష్టం మరొక దారిలో వస్తుంది.

తేడా పేరుకుపోయే తీరు

ప్రతి ఫ్రేము కాలాన్నీ ఫైలు ప్రారంభం నుంచి విడిగా లెక్కించి సవరిస్తే, గంట గడిచినా తేడా అర మిల్లీసెకను దాటదు. కానీ ఒక ఫ్రేము వ్యవధిని ముందుగా 33 మిల్లీసెకన్లకు సవరించి, ఆ సంఖ్యనే పదే పదే కూడుతూ పోతే ఫలితం వేరుగా ఉంటుంది. సెకనుకు 30 ఫ్రేముల వీడియోలో గంటకు 1,08,000 ఫ్రేములు. ఒక్కో ఫ్రేము వద్ద మిల్లీసెకనులో మూడవ వంతు పోతే, గంటకు పోయేది 36 సెకన్లు. 48,000 నమూనాల ఏఏసీ ధ్వనిని ముక్కకు 21 మిల్లీసెకన్ల చొప్పున కూడితే, గంటకు 56 సెకన్లకు పైగా తరుగు పడుతుంది. రెండు గంటల కచేరీలో గాయకుడి పెదవులకూ పాటకూ సంబంధం తెగిపోవడానికి ఇది చాలు.

ఫ్రేము వ్యవధిని నానోసెకన్లలో 33,333,333గా రాసి కూడినా తేడా పేరుకుంటుంది. అయితే గంటకు అది 36 మైక్రోసెకన్లు మాత్రమే. సవరించాల్సి వస్తే మొత్తాన్ని సవరించాలి తప్ప భాగాలను సవరించి కూడరాదన్న పద్దుల సూత్రమే ఇక్కడా వర్తిస్తుంది. విడి భాగాలను కలిపి ఒకే ఫైలుగా చేసేటప్పుడు, మధ్యలో కత్తిరించి అతికేటప్పుడు ఈ సూత్రం ఎక్కువగా ఉల్లంఘనకు గురవుతుంది.

మట్రోస్కాలో సూక్ష్మతను పెంచడం

మట్రోస్కా పని 2002 డిసెంబరులో మొదలైంది. దాని నిర్దేశాలు 2024 అక్టోబరులో ఆర్‌ఎఫ్‌సీ 9559గా ఇంటర్నెట్ ప్రమాణాల్లో చేరాయి. ఈ ఫైలు ఆరంభంలో టైమ్‌స్టాంప్ స్కేల్ అనే అంశం ఉంటుంది. ఒక కాలాంశం ఎన్ని నానోసెకన్లో అది చెబుతుంది. ప్రత్యేకంగా మార్చకపోతే దాని విలువ 10,00,000. అంటే ఒక మిల్లీసెకను.

ఎంకేవీటూల్‌నిక్స్ సంపుటిలోని ఎంకేవీమెర్జ్ ఉపకరణంలో ఈ విలువను 1,000 నుంచి 1,00,00,000 వరకు మార్చుకోవచ్చు. వీడియో లేని, ధ్వని మాత్రమే ఉన్న ఫైలును రాసేటప్పుడు ఆ ఉపకరణం తనంతట తానే ఒక ధ్వని నమూనాకు సరిపడే సూక్ష్మతను ఎంచుకుంటుంది. విలువగా మైనస్ 1 ఇస్తే, వీడియో ఉన్నప్పటికీ అదే సూక్ష్మతను పాటిస్తుంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్ మాత్రం మట్రోస్కా ఫైళ్లను చాలాకాలంగా మిల్లీసెకను లెక్కలోనే రాస్తూ వచ్చింది.

సూక్ష్మతను ఎంతైనా పెంచవచ్చు కదా అన్న ప్రశ్నకు ఫైలు నిర్మాణమే సమాధానం చెబుతుంది. మట్రోస్కాలో ఫ్రేములను క్లస్టర్లు అనే గుంపులుగా అమరుస్తారు. క్లస్టరుకు పూర్తి కాలసూచిక ఉంటుంది. అందులోని ఫ్రేములకు ఆ కాలంతో పోల్చిన తేడాను మాత్రమే 16 బిట్లలో రాస్తారు. ఆ తేడా గరిష్ఠంగా 32,767 కాలాంశాలు. కాలాంశం మిల్లీసెకను అయితే ఒక క్లస్టరు సుమారు 32.8 సెకన్ల వరకు సాగవచ్చు. కాలాంశాన్ని మిల్లీసెకనులో పదవ వంతు చేస్తే అది సుమారు 3.3 సెకన్లకు తగ్గుతుంది. మైక్రోసెకనుకు తగ్గిస్తే 32.8 మిల్లీసెకన్లే మిగులుతుంది. సెకనుకు 30 ఫ్రేముల వీడియోలో ఫ్రేము వ్యవధి అంతకంటే ఎక్కువ. అంటే దాదాపు ప్రతి ఫ్రేముకూ ఒక క్లస్టరు కావాలి.

దీనివల్ల ఫైలు పరిమాణం కొంత పెరుగుతుంది. అంతకన్నా ముఖ్యమైన చిక్కు ప్లేయర్లతో వస్తుంది. వెబ్‌ఎం మార్గదర్శకాలు మిల్లీసెకను విలువనే వాడమని, కీలక ఫ్రేములను క్లస్టరు ఆరంభంలో ఉంచమని సూచిస్తాయి. వాటిని దృష్టిలో ఉంచుకొని తయారైన ప్లేయర్ అతి చిన్న క్లస్టర్లున్న ఫైలుతో ఇబ్బంది పడవచ్చు. సాధారణ వీడియోకు మిల్లీసెకనులో పదవ వంతు మధ్యేమార్గం. అప్పుడు తేడా గరిష్ఠంగా 0.05 మిల్లీసెకను.

మట్రోస్కాలో మరొక ఏర్పాటు కూడా ఉంది. ట్రాకు వివరాల్లో ఫ్రేము సాధారణ వ్యవధిని నానోసెకన్లలో రాయవచ్చు. టైమ్‌స్టాంపులు మిల్లీసెకన్లలో ఉన్నా, స్థిరమైన ఫ్రేము వేగం గల వీడియోకు ఈ ఒక్క సంఖ్య ఆధారంగా అసలు క్రమాన్ని పునరుద్ధరించవచ్చు. ఫైలు రాసేవారు ఈ వివరాన్ని వదిలివేయకూడదు.

ఎంపీ4లో టైమ్‌స్కేల్

ఎంపీ4 నిర్మాణానికి మూలం 1991లో వచ్చిన క్విక్‌టైమ్. ఇందులో ప్రతి ట్రాకుకూ విడిగా టైమ్‌స్కేల్ ఉంటుంది. సెకనును ఎన్ని భాగాలు చేయాలో అది చెబుతుంది. క్విక్‌టైమ్ సంప్రదాయంలో తరచుగా కనిపించే సంఖ్య 600. ఇది 24, 25, 30లతో శేషం లేకుండా భాగించబడుతుంది. ధ్వని ట్రాకుకు నమూనాల సంఖ్యనే, అంటే 48,000 లేదా 44,100 ను, టైమ్‌స్కేల్‌గా ఉంచితే ధ్వనిలో సవరణే అవసరం లేదు.

అమెరికా రంగుల టెలివిజన్ నుంచి వచ్చిన 29.97 ఫ్రేముల వేగానికి మాత్రం 600 సరిపోదు. ఆ వేగం నిజానికి 30,000ను 1,001తో భాగించగా వచ్చేది. దానికి టైమ్‌స్కేల్ 30,000గా, ఫ్రేము వ్యవధి 1,001గా ఉంచాలి. అలాగే 23.976 ఫ్రేములకు 24,000, 1,001 అనే జత సరిపోతుంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో వీడియో ట్రాక్ టైమ్‌స్కేల్ అనే ఐచ్ఛికంతో ఈ సంఖ్యను నిర్దేశించవచ్చు. నిర్దేశించకపోతే ఆ ఉపకరణం తనకు అందిన విలువను 10,000 దాటే వరకు రెట్టింపు చేస్తుంది. అందుకే 25 ఫ్రేముల వీడియోలకు 12,800, 30 ఫ్రేముల వీడియోలకు 15,360 అనే సంఖ్యలు కనిపిస్తుంటాయి.

తరచుగా జరిగే ఒక భ్రమ ఇక్కడే ఉంది. రికార్డింగ్ మధ్యలో విద్యుత్తు పోయినా అప్పటివరకు రాసిన భాగం దక్కుతుందని చాలామంది ముందుగా ఎంకేవీలో రికార్డు చేసి, తరువాత ఎంపీ4కు మారుస్తారు. ఆ ఆలోచన మంచిదే. అయితే అలా మార్చిన ఫైలులో టైమ్‌స్కేల్ 16,000గా కనిపిస్తే సూక్ష్మత పెరిగిందని అనుకోరాదు. అది 1,000ని నాలుగుసార్లు రెట్టింపు చేయగా వచ్చిన సంఖ్య. ఎంకేవీలో 33, 34, 33గా పడిన వ్యవధులు ఎంపీ4లో 528, 544, 528 అవుతాయి. కొలబద్దపై గీతలు పెరిగాయి, కొలిచిన పొడవు మాత్రం పాతదే.

ప్రసార రంగపు లెక్క

టెలివిజన్ ప్రసారాల ట్రాన్స్‌పోర్ట్ స్ట్రీమ్‌లో ఎంపికకు తావు లేదు. ప్రతి టైమ్‌స్టాంపూ సెకనులో 90,000వ వంతుల్లోనే ఉంటుంది. ఈ సంఖ్య 24, 25, 30, 60 ఫ్రేముల వేగాలన్నింటికీ శేషం లేకుండా సరిపోతుంది. ఒక్కో ఫ్రేముకు వరుసగా 3,750, 3,600, 3,000, 1,500 కాలాంశాలు వస్తాయి. 29.97 ఫ్రేములకు కూడా సరిగ్గా 3,003 వస్తుంది. ఇందులో టైమ్‌స్టాంపుకు 33 బిట్ల చోటు ఉన్నందున, సుమారు 26 గంటల 30 నిమిషాలకు లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. రాత్రింబవళ్లు ఆగకుండా రికార్డు చేసేవారు దీనిని గమనించాలి.

నెట్‌వర్కు ద్వారా హెచ్.264 వీడియోను పంపే నిఘా కెమెరాలు కూడా సాధారణంగా 90,000 లెక్కనే వాడతాయి. కెమెరా పంపిన సూక్ష్మత రికార్డరు వద్ద మిల్లీసెకన్లకు తగ్గిపోవచ్చు. కెమెరా మంచిదైనంత మాత్రాన ఫైలు మంచిదని చెప్పలేకపోవడానికి ఇది ఒక కారణం.

కొలతగా, సాక్ష్యంగా వాడేటప్పుడు

బిలాస్‌పూర్ మీదుగా బొగ్గు రవాణా విస్తారంగా సాగుతుంది. అక్కడ ఒక గూడ్సు రైలు వేగాన్ని వీడియో ఆధారంగా లెక్కించాలని అనుకుందాం. బాక్స్‌ఎన్ రకం బొగ్గు వ్యాగన్ పొడవు కప్లర్లతో కలిపి 10.713 మీటర్లు. సెకనుకు 30 ఫ్రేముల వీడియోలో ఒక వ్యాగన్ దాటడానికి 19 ఫ్రేములు పడితే, రైలు వేగం గంటకు సుమారు 60.9 కిలోమీటర్లు. ఫ్రేముకు 33 మిల్లీసెకన్ల చొప్పున కూడిన సాఫ్ట్‌వేర్ దానిని 61.5గా చూపుతుంది. అదే ఫైలును సెకనుకు 25 ఫ్రేములదిగా పొరబడిన సాఫ్ట్‌వేర్ 50.7గా చూపుతుంది. ఫ్రేములన్నీ ఉన్నాయి, బొమ్మ స్పష్టంగా ఉంది, అయినా గంటకు పది కిలోమీటర్ల తేడా వచ్చింది.

కాలాంశంతో సంబంధం లేని పరిమితి కూడా ఇందులో ఉంది. లెక్కలో ఒక్క ఫ్రేము అటూ ఇటూ అయినా వేగం 57.9 నుంచి 64.3 వరకు మారుతుంది. అందువల్ల ఒక వ్యాగన్‌తో కాక పది వ్యాగన్లతో కొలవాలి. అప్పుడు ఒక ఫ్రేము తేడా వేగాన్ని గంటకు 0.3 కిలోమీటరు మాత్రమే మారుస్తుంది. ఏ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో విడదీసి చూడనిదే సూక్ష్మతను పెంచి ప్రయోజనం లేదు.

న్యాయస్థానానికి చేరవలసిన వీడియో విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు ధ్రువపత్రం సమర్పించాలి. అందులో ఫైలు హ్యాష్ విలువను పేర్కొనాలి. బొమ్మను, ధ్వనిని తాకకుండా కంటైనర్‌ను మాత్రమే మార్చినా హ్యాష్ విలువ మారిపోతుంది. టైమ్‌స్టాంపులను మెరుగుపరచాలన్న సదుద్దేశంతో అసలు ఫైలునే తిరగరాస్తే, దాని విశ్వసనీయతను రుజువు చేయడం కష్టమవుతుంది. అసలును యథాతథంగా ఉంచి, విశ్లేషణకు వేరే ప్రతిని తయారు చేసుకోవాలి.

లక్షణాలను బట్టి కారణం

ధ్వని మొదటి నుంచి చివరి వరకు ఒకే మోతాదులో ముందుగానో వెనుకగానో ఉంటే, అది ఆరంభ స్థానంలోని తేడా. కాలాంశాన్ని మార్చినా అది పోదు. ట్రాకును ముందుకో వెనుకకో జరిపితే సరిపోతుంది.

తేడా క్రమంగా పెరుగుతూ గంటకు పదుల సెకన్లకు చేరితే, సవరించిన వ్యవధులను కూడడమో, ఫ్రేము వేగాన్ని తప్పుగా నమోదు చేయడమో కారణం కావచ్చు. గంటకు సెకనులో కొద్ది భాగం మాత్రమే పెరుగుతుంటే, రికార్డు చేసిన పరికరాల గడియారాల మధ్య తేడాను అనుమానించాలి. పది లక్షలకు 50 వంతుల తేడా ఉన్న గడియారాలు గంటలో 0.18 సెకను దూరమవుతాయి.

సమకాలం బాగానే ఉండి, కదలిక మాత్రం తడబడుతూ కనిపిస్తే, లేదా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఫ్రేము వేగం అస్థిరమని చెబితే, అప్పుడు కాలాంశాన్ని పరిశీలించాలి. సెకనుకు 240 ఫ్రేముల మందగతి వీడియోలో ఇది స్పష్టంగా తెలుస్తుంది. అక్కడ ఫ్రేము వ్యవధి 4.17 మిల్లీసెకన్లే కాబట్టి, అర మిల్లీసెకను సవరణ అందులో 12 శాతం. సెకనుకు వెయ్యి ఫ్రేములు దాటితే రెండు ఫ్రేములకు ఒకే టైమ్‌స్టాంప్ పడే అవకాశం ఉంది.

పాటించదగిన క్రమం

ముందుగా మూల వీడియో ఫ్రేము వేగాన్ని, ధ్వని నమూనాల సంఖ్యను తెలుసుకొని నమోదు చేసుకోవాలి. పాల్ క్యాసెట్లకు వీడియో విషయంలో మిల్లీసెకను చాలు. 30, 29.97, 24, 60 ఫ్రేముల వీడియోలకు శేషం మిగలని టైమ్‌స్కేల్‌తో ఎంపీ4ను గానీ, సూక్ష్మత పెంచిన మట్రోస్కాను గానీ ఎంచుకోవాలి. వీలైనంతవరకు మూలం నుంచి నేరుగా తుది కంటైనర్‌కు ఒకేసారి మార్చాలి. మధ్యలో మిల్లీసెకను లెక్క గల ఫైలు వస్తే సూక్ష్మత అక్కడే ఆగిపోతుంది.

ఫ్రేము వేగం నిజంగానే మారుతూ ఉండే ఫోన్ వీడియోకు స్థిర వేగాన్ని బలవంతంగా రుద్దకూడదు. ఆ ఫైలులోని అసమాన టైమ్‌స్టాంపులే దాని అసలు కాలక్రమం. మారుస్తూ రాసిన ఫైలును ఆరంభంలో, మధ్యలో, చివరలో చప్పట్లో, తాళమో స్పష్టంగా కనిపించి వినిపించే చోట సరిచూడాలి. చివరి నిమిషంలో పొంతన కుదిరితే తేడా పేరుకోలేదని నమ్మవచ్చు. అంతవరకు పాత క్యాసెట్‌ను గానీ, కెమెరా ఇచ్చిన మొదటి ఫైలును గానీ చెరిపివేయరాదు. రాసేటప్పుడు వదిలేసిన కాలాన్ని తిరిగి పొందడానికి మిగిలే ఆధారం అదొక్కటే.